పెద్దనాయన అంబాసిడర్‌కి ముందద్దం మార్చడం

మా వడమాలపేట దాటి చెన్నై రోడ్డులో ముందుకు పోతే పుత్తూరు వస్తుంది. చెయ్యో కాలో విరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కట్టు కట్టించుకుని పోయే ఊరు అది. ‘పుత్తూరు కట్టు’ అనే బోర్డు మీరు వేరే ఊళ్ళలో కూడా చూసే ఉంటారు. ఎముకకి ఆ సౌకర్యం ఉంది గానీ కారు అద్దానికి లేదు. చిన్న చుక్కంత దెబ్బైతే రెజిన్ పోసి అక్కడికి ఆపొచ్చు. చీలిక జానెడు పొడుగు సాగిందంటే మాత్రం మార్చాల్సిందే.

కొత్త కారైతే ఇది పెద్ద కథ కాదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ కొడతాం, బండి షోరూంలో వదుల్తాం, వాళ్ళే చేసి పెడతారు. కారు 1986 అంబాసిడర్ అయితే ఫోన్ ఎవరికి కొట్టాలి? ఆ షోరూంలు లేవు, ఆ ఫ్యాక్టరీ లేదు. ఉన్నదల్లా మన చేతులు, ఒక మేస్త్రీ, కొంచెం తాడు, ఒక షాంపూ ప్యాకెట్. నేను చెప్పబోయేది ఆ పని గురించే. సీఎస్ఈ వాడికి ఈ గ్రీజు గొడవ ఎందుకని మా మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళ ల్యాబ్‌లో కూడా ఈ పని నేర్పించరు.

ముందు అసలు సమస్య చెప్తాను. సొంత వాడకం కారుకి ఆర్సీ పదిహేనేళ్ళు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి, ప్రతిసారీ బండిని తీసుకెళ్ళి చూపించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. మా పెద్దనాయన కారు రెన్యూవల్ తారీకు దగ్గర పడింది. ముందద్దం మీద డ్రైవర్ కళ్ళ ఎదురుగా అడ్డంగా చీలిక, వాన పడితే కాళ్ళ కింద నీళ్ళు. పాత ఇనుము కొనేవాళ్ళు అప్పటికే రెండుసార్లు ఇంటికొచ్చి బేరం ఆడి పోయారు. “వానొస్తే బయట కంటే లోపలే ఎక్కువ తడుస్తాం, ఇంకెందుకా బండి” అని పెద్దమ్మ. పెద్దనాయన ఏమీ మాట్లాడడు. ఆ కారు ఆయన 1994లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మా నాయన పెళ్ళి ఊరేగింపు దాంట్లోనే, మా అవ్వని చివరిసారి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా దాంట్లోనే.

చివరికి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. అద్దం విప్పి చూడాలి. అద్దం కింద రేకు, కాళ్ళ కింద ఫ్లోరు పూర్తిగా తుప్పు తినేసి ఉంటే కారు పాత ఇనుముకే. బాగుంటే కొత్త అద్దం, కొత్త రబ్బర్లు వేసి రెన్యూవల్‌కి తీసుకెళ్ళాలి. అంటే అద్దం విప్పేదాకా తీర్పు ఎవరికీ తెలీదు.

కారు గురించి రెండు మాటలు. అంబాసిడర్ మన దేశంలో పుట్టిన డిజైన్ కాదు. ఇంగ్లండ్ మోరిస్ కంపెనీ వాళ్ళ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారుని బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ తీసుకుని, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో తయారు చేయడం మొదలుపెట్టింది. అక్కడ ఇంగ్లండ్‌లో ఆ మోడల్ కొన్నేళ్ళకే ఆగిపోయింది. మన దగ్గర 2014 మే నెల దాకా నడిచింది. మధ్యలో గ్రిల్ మారింది, ఇంజన్ మారింది, పేర్లు మారాయి, బాడీ ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. 2017లో ఆ పేరుని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకి 80 కోట్లకి అమ్మేశారు. ఇంకో చిన్న విషయం. మా ఊరి మీదుగా పోయే ఇదే చెన్నై రోడ్డులో, చెన్నైకి కాస్త ముందు తిరువళ్ళూరు వస్తుంది. అక్కడ ఇదే హిందుస్థాన్ మోటార్స్ 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారు చేసింది. అంబాసిడర్‌లో కూర్చుని ఆ ఊరు దాటేటప్పుడు పెద్దనాయన ప్రతిసారీ చేయి చూపించి చెప్తాడు, మేము ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తల ఊపుతాం.

బాడీ మారకపోవడం మనకి మంచిదే. ఇన్నేళ్ళు ఒకే ఆకారంలో కార్లు వచ్చాయి కాబట్టి అద్దాలు, రబ్బర్లు ఇంకా దొరుకుతున్నాయి.

ఇప్పుడు అద్దం సంగతి. కారు అద్దాలు రెండు రకాలు. ఒకటి టఫెన్డ్. మామూలు గాజుని 600 డిగ్రీల పైన వేడి చేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి పొర తర్వాత చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుడులో, లోపలిది ఎప్పుడూ లాగుడులో ఉంటాయి. అందుకే అది గట్టిగా ఉంటుంది. అయితే ఎక్కడైనా ఒకచోట ఆ పైపొర దాటి దెబ్బ లోపలికి దిగితే, దాచుకున్న బలమంతా ఒకేసారి బయటపడి మొత్తం అద్దం కలకండ పలుకుల్లా పొడైపోతుంది. కోసుకోదు కాబట్టి పక్క తలుపులకి మంచిది. ముందద్దానికి మాత్రం ప్రమాదం.

ఎందుకో పెద్దనాయన అనుభవంలో ఉంది. కారు కొన్న కొత్తలో నగరి దగ్గర ఎదురొచ్చే లారీ టైరు కింద నుంచి ఒక కంకర రాయి ఎగిరి తగిలింది. “టప్ మనింది రా అబ్బోడా. అంతే, రోడ్డు లేదు. ముందర అంతా తెల్లగా మంచు పట్టినట్టు అయిపోయింది. బ్రేకు తొక్కతా ఉండాను, చేత్తో అద్దాన్ని గుద్దినాను. బొక్క పడింది. ఆ బొక్కలో నుంచి చూసుకుంటా పక్కకి తీసినాను.” పాత డ్రైవర్లు చాలామంది ఇట్లాగే చేసేవాళ్ళంట. పిడికిలితో అద్దం పగలగొట్టడం అప్పట్లో డ్రైవింగ్‌లో ఒక పాఠం.

రెండోది లామినేటెడ్. రెండు పలకల గాజు, మధ్యలో పీవీబీ అనే పలుచని ప్లాస్టిక్ పొర. రాయి తగిలితే సాలెగూడులా చీలుతుంది గానీ ఊడి పడదు, చూపు పూర్తిగా పోదు. దీని పుట్టుక వెనక ఒక కథ ఉంది. 1903లో ఎడువార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లో ఒక గాజు ఫ్లాస్కు కింద పడింది, పగిలింది, ముక్కలు మాత్రం చెదరలేదు. అందులో ఎప్పుడో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ఆరిపోయి లోపలి గోడకి పొరలా అంటుకుని ఉంది. దాని మీదే పని చేసి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. పీవీబీ వచ్చింది 1930లలో.

మన దేశంలో 1989 మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 100 ఈ అద్దాల గురించే. 1990ల మధ్య నుంచి వచ్చే బండ్లకి ముందద్దం లామినేటెడ్ అయి ఉండాలి. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు పోవాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీసేయమన్నది కూడా ఈ రూల్ ఆధారంగానే. మీ ఇంట్లో కారు ఉంటే ఒకసారి అద్దం మూల చూడండి, తయారు చేసినవాళ్ళ పేరు పక్కన ఐఎస్ 2553 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాత కారుకి కొత్త అద్దం కొనేటప్పుడు ఆ ముద్ర లేనిది ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.

పెద్దనాయన కారుకి నగరి దెబ్బ తర్వాత లామినేటెడ్ వేయించారు. ఇప్పుడు చీలింది అదే. దాని అంచులు చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లబడి ఉన్నాయి. అది మురికి కాదు, తుడిస్తే పోదు. అంచు నుంచి తేమ లోపలికి పోయి గాజు, ప్లాస్టిక్ పొర విడిపోతున్న గుర్తు. అంటే నీళ్ళు అద్దం అంచున చాలా కాలంగా నిలబడి ఉన్నాయి. నిలబడింది ఎక్కడ? రబ్బరులో. కాబట్టి అద్దం కంటే ముందు రబ్బరుని అర్థం చేసుకోవాలి.

కొత్త కార్లలో ముందద్దాన్ని పాలీయురెథేన్ జిగురుతో బాడీకి అంటిస్తారు. అది ఆరాక అద్దం కూడా బాడీలో ఒక భాగమే, పైకప్పు గట్టితనంలో దానికీ వాటా ఉంటుంది, కొన్ని కార్లలో ముందు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు దాని మీదే ఆనుతుంది. అంబాసిడర్‌లో జిగురు లేదు. బాడీలో అద్దం కోసం వదిలిన కంత చుట్టూ అర అంగుళం రేకు అంచు ఉంటుంది. రబ్బరుని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరాన్ని పక్కకి పడుకోబెట్టినట్టు రెండు గాళ్ళు కనిపిస్తాయి. ఒక గాడిలో అద్దం, ఇంకో గాడిలో రేకు అంచు. మా భాషలో చెప్పాలంటే అదొక అడాప్టర్. రెండు పక్కల వాళ్ళకీ ఒకరితో ఒకరికి నేరుగా సంబంధం ఉండదు. గుంటలో పడి బాడీ మెలి తిరిగినా అద్దానికి దెబ్బ తగలకుండా మధ్యలో రబ్బరు ఆ కదలికని మింగేస్తుంది. దీన్ని మన షాపుల్లో రబ్బరు అనరు, బీడింగ్ అంటారు. చాలా బీడింగుల్లో బయటి వైపు ఒక సన్న గాడి ఉండి, దాంట్లో లాక్ పట్టీ దూరుతుంది. ఆ పట్టీ లోపలికి పోతే రబ్బరు పెదాలు విచ్చుకుని అద్దాన్ని, రేకుని గట్టిగా పట్టుకుంటాయి. పట్టీ లేని బీడింగ్, తాళం వేయని తలుపు ఒకటే.

రబ్బరు ఎందుకు చెడుతుంది? ఎండ వల్ల అంటాం, సగమే నిజం. సహజ రబ్బరు అణువుల గొలుసులో అక్కడక్కడా జంట బంధాలు ఉంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడి చేసి రబ్బరుని గట్టి చేసినప్పుడు వాటిలో కొన్ని మాత్రమే వాడుకైపోతాయి, మిగిలినవి అట్లాగే ఉంటాయి. గాలిలో ఉండే కొంచెం ఓజోన్ వాటిని పట్టుకుని తెంపుతుంది. అదీ రబ్బరు సాగి ఉన్న చోట ఎక్కువ. అందుకే పాత బీడింగ్ మీద మొదటి పగుళ్ళు ఎప్పుడూ మూలల్లో, సాగుడుకి అడ్డంగా వస్తాయి. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరులో అసలు గొలుసులో ఆ జంట బంధాలు ఉండవు, అందుకే ఎండకీ ఓజోన్‌కీ బాగా తట్టుకుంటుంది. ఇప్పటి కార్ల తలుపు రబ్బర్లు ఎక్కువగా అదే. దానికి పడనిది మాత్రం నూనె. గ్రీజు, కిరోసిన్, డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మన దగ్గర చాలామంది డోరు రబ్బరు కిర్రుమంటే గ్రీజు పూస్తారు, అది మందు కాదు.

రబ్బరుకి ఇంకో జబ్బు కూడా ఉంది. ఏళ్ళ తరబడి నొక్కి పెడితే నొక్కిన ఆకారమే దాని ఆకారం అయిపోతుంది, తిరిగి లేవదు. చూడ్డానికి పగులు ఉండదు, నీళ్ళు మాత్రం కారతాయి.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవడం అచ్చం డీబగ్గింగే. తడిసిన చోటు, కారిన చోటు ఒకటి కావు. పైన మూలలో దూరిన నీళ్ళు రేకు వెంట జారి ఎక్కడో కింద బయటపడతాయి. మేస్త్రీ అన్న చెప్పిన పద్ధతి ఇది. లోపల అంచుల వెంట ముఖానికి పూసే పౌడరు చల్లాలి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి. బయట పైపుతో నీళ్ళు సన్నగా, ముందు కింది అంచు మీద మాత్రమే పట్టాలి. ఐదు నిమిషాలు ఆగాలి. ఏమీ లేకపోతే ఇంకొంచెం పైకి. పై నుంచి మొదలుపెడితే నీళ్ళన్నీ కిందికే వస్తాయి కాబట్టి ఏది తప్పో తేలదు. పౌడరులో గీత పడిన చోటే దొంగ. మా కారులో రెండు గీతలు పడ్డాయి. ఎడమ పక్క కింది మూల ఒకటి, వైపర్ కడ్డీ బయటికొచ్చే రంధ్రం దగ్గర ఇంకోటి. రెండోది అద్దం తప్పే కాదు, అక్కడి చిన్న రబ్బరు వాషర్ ఎండిపోయింది. పెద్దమ్మ ఇన్నేళ్ళు తిట్టిన తిట్లలో సగం ఆ వాషర్‌కి పోవాల్సినవి.

మూల సంగతి వేరు. కొన్నేళ్ళ కింద ఒక షాపులో కారుతోందని చూపిస్తే వాళ్ళు పాత బీడింగ్ తీయకుండా పై నుంచి సిలికాన్ పూసి పంపారు. వెనిగర్ వాసన వచ్చే రకం అది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, ఆరేటప్పుడు విడుదలవుతుంది. రంగు లేచిన ఇనుముకి అది తగిలితే తుప్పు తొందరగా మొదలవుతుంది. పైగా బయట మూసేస్తే, ఇంకో దారిలో దూరిన నీళ్ళకి బయటికి పోయే దారి కూడా పోయింది. కారడం కొన్నాళ్ళు ఆగింది, లోపల నిలవడం మొదలైంది.

సామాను కోసం పెద్దనాయన, నేను చెన్నై పుదుపేటకి పోయాం. పాత బండ్ల విడిభాగాలకి పెట్టింది పేరు ఆ పేట. వీధి వీధంతా తలుపులు, డిక్కీలు, స్టీరింగులు గుట్టలు. అక్కడికి పోయేముందు ఒక పని తప్పక చేయాలి. పాత బీడింగ్ నుంచి మూడంగుళాల ముక్క కోసి జేబులో పెట్టుకోవాలి. “అంబాసిడర్ బీడింగ్ ఇవ్వండి” అంటే నాలుగు రకాలు చూపిస్తారు. ముక్క చూపిస్తే కోత ఆకారం, గాడి వెడల్పు కలిపి చూసి ఇస్తారు. అద్దం మందానికి గాడి సరిపోకపోతే ఎంత బాగా బిగించినా దండగే. మీటర్ల లెక్కన అమ్మే బీడింగ్ కూడా ఉంటుంది. అది తెస్తే చుట్టుకొలత కంటే కొంచెం ఎక్కువ పొడుగు ఉంచి, అతుకు మూలలో కాకుండా మధ్యలో వచ్చేటట్టు అంటించాలి. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది, సరిగ్గా కొలిచి కోస్తే తర్వాత అతుకు విచ్చుకుంటుంది.

అద్దాన్ని మాత్రం మన ఊళ్ళో కోయించుకోలేం. జీపు ముందద్దం చదునుగా ఉంటుంది కాబట్టి లామినేటెడ్ పలక తెచ్చి కోసి వేస్తారు. అంబాసిడర్‌ది వంపు తిరిగిన అద్దం, అచ్చులో వంచిందే కావాలి. టఫెన్డ్‌ని అయితే అసలు ఎవరూ కోయలేరు, కత్తి పెట్టగానే పొడి. కొత్త అద్దాన్ని రెండు దుప్పట్లలో చుట్టి, వెనక సీట్లో నిలువుగా ఆనించి, పెద్దనాయన పక్కన కూర్చుని దాన్ని చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చాడు. ఎస్.వి.పురం టోల్ గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్లు వచ్చినప్పుడల్లా నా వంక ఒక చూపు.

ఇక విప్పడం. వైపర్ చేతులు, లోపలి అద్దం తీసేశాం. బానెట్ మీద, డ్యాష్‌బోర్డు మీద పాత దుప్పట్లు పరిచాం. లాక్ పట్టీకి అతుకు వెతికి, చదును స్క్రూడ్రైవర్‌తో కొస లేపి లాగితే చేతికొచ్చేసింది. పాత బీడింగ్ మళ్ళీ వాడం కాబట్టి బయటి పెదవిని బ్లేడుతో చుట్టూ కోసేశారు. ఇక్కడ తొందరపడి ఇనుప కడ్డీ పెట్టి అద్దాన్ని తన్నకూడదు. లోపలి నుంచి రెండు అరచేతులతో పై మూల దగ్గర మెల్లగా నెట్టాలి, బయట ఇద్దరు పట్టుకోవాలి. “బలం వద్దు తమ్ముడూ, బరువు చాలు” అన్నాడు మేస్త్రీ అన్న. సిలికాన్ పూసిన మూల మాత్రం అరగంట ఏడిపించింది.

అద్దం వచ్చేసింది. అందరూ ఆ కంత చుట్టూ మూగారు.

కుడి పక్క, పైన రేకు శుభ్రంగా ఉంది. ఎడమ కింది మూలలో రేకు అంచు పొరలు పొరలుగా ఊడి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడింది. ఫ్లోరు మీద రబ్బరు మ్యాటు ఎత్తితే కింద ఎర్రటి పొడి. మేస్త్రీ అన్న సుత్తి తీసుకుని ఫ్లోరంతా కొట్టుకుంటూ పోయాడు. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా మోగుతుంది. రెండు అరచేతులంత మేర బొద్దుగా మోగింది, తక్కినదంతా ఖంగుమంది. “అన్నా, ఎముక బాగానే ఉండాది. చర్మం పోయింది, అంతే” అన్నాడు. పెద్దనాయన అప్పుడు పోయి టీ చెప్పాడు. ఇనుము బేరగాడికి ఫోన్ చేసి వద్దని చెప్పింది పెద్దమ్మే.

కుళ్ళిన రేకుని కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. లప్పం పెట్టి నునుపు చేసి రంగు కొట్టడం చాలామంది చేసే పని, చూడ్డానికి బాగుంటుంది కూడా. లప్పం ఒకచోట ఉబ్బుగా ఉంటే రబ్బరు దాటి ఆ ఒత్తిడి అద్దం మీద ఒకే చుక్క దగ్గర పడుతుంది. ఆరు నెలల తర్వాత ఎండలో నిలబెట్టిన కారుకి ఏ రాయీ తగలకుండానే అంచు నుంచి చీలిక బయల్దేరుతుంది. అప్పుడు అద్దం కంపెనీని తిడతాం. వెల్డింగ్ అయ్యాక తీగ బ్రష్, ఎమరీ పేపర్, ప్రైమర్, రంగు. రెండు రోజులు ఆరబెట్టాం. ఆ తర్వాత రబ్బరు లేకుండా ఉత్త అద్దాన్ని కంత మీద ఆనించి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకున్నాం. బిగించే ముందు ఇది చూసుకుంటే సగం పని అయినట్టే.

బిగించడంలో ఉన్న తాడు ఉపాయం నాకు బాగా నచ్చింది. కొత్త బీడింగ్‌ని గంట సేపు ఎండలో పెట్టి మెత్తబడనిచ్చాం. నులక మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద అద్దం పెట్టి, చుట్టూ బీడింగ్ ఎక్కించాం. ఇంకో గాడి ఖాళీగా ఉంది కదా, రేకు అంచు దూరాల్సిన గాడి. దాంట్లో పెన్సిల్ కంటే సన్నటి నైలాన్ తాడు చుట్టూ దూర్చి, రెండు కొసలు కింద మధ్యలో ఒకదాన్నొకటి దాటేటట్టు అడుగు పొడుగు వదిలేశాం. రేకు అంచుకీ గాడికీ షాంపూ నీళ్ళు పూశాం. ఇద్దరం అద్దాన్ని ఎత్తి బయటి నుంచి కంత మీద పెట్టి, సరిగ్గా మధ్యకి జరిపి, కింది అంచు ముందు ఆనించాం. మేస్త్రీ అన్న లోపల కూర్చుని తాడు కొసని తన వైపు, అద్దం మధ్య దిక్కుగా లాగడం మొదలుపెట్టాడు. తాడు బయటికి వస్తూ వస్తూ రబ్బరు లోపలి పెదవిని లేపి రేకు అంచు మీదుగా ఇవతలికి పడేస్తుంది. తాడు ఎక్కడికి వచ్చిందో అక్కడే బయట నేను అరచేత్తో కొట్టాలి. “కొట్టు, కొట్టు, ఆగు, మూల వచ్చింది, మెల్లంగా.” ముందు కింది అంచు రెండు వైపులా, తర్వాత పక్కలు, చివర పై అంచు. తాడు పూర్తిగా చేతిలోకి వచ్చేసరికి అద్దం బాడీలో కూర్చుని ఉంది. ఒక్క బోల్టు లేదు, ఒక్క స్క్రూ లేదు. వందల కోట్ల ఫ్యాక్టరీలో తయారైన కారుకి ఈ పని ఇప్పటికీ ఒక తాడు ముక్క చేస్తోంది.

లాక్ పట్టీ ఎక్కించడానికి ఒక పనిముట్టు ఉంది, కొసన కన్నం ఉన్న చిన్న కొక్కెం లాంటిది. మేస్త్రీ అన్న దగ్గర ఉన్నది లావు తీగని వంచి చేసుకున్నదే. పట్టీని ఆ కన్నంలో నుంచి దూర్చి గాడి వెంట లాక్కుంటూ పోతే, కన్నం గాడి పెదాలని విప్పుతుంది, వెనకనే పట్టీ అందులో పడుతుంది. చివరగా అద్దానికీ రబ్బరుకీ మధ్య, రబ్బరుకీ బాడీకీ మధ్య నల్లటి మాస్టిక్ సన్నగా పెట్టాం. అది గట్టిపడని రకం, ఎప్పటికీ మెత్తగా ఉండి రబ్బరుతో పాటు కదులుతుంది. సిలికాన్ మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మళ్ళీ పౌడరు, మళ్ళీ పైపు. ముందద్దం దగ్గర గీత పడలేదు. వైపర్ రంధ్రాలకి కొత్త వాషర్లు పడ్డాయి. తలుపుల రబ్బర్లకి పరీక్ష వేరే, ఇది మీరు మీ ఇంటి కారు మీద ఇప్పుడే చేయొచ్చు. దినపత్రిక నుంచి రెండు వేళ్ళ వెడల్పు ముక్క చింపి, తలుపు రబ్బరు మీద పెట్టి తలుపు వేయండి. కాగితం లాగండి. పట్టు ఉండాలి, కష్టంగా రావాలి. జారిపోతూ వచ్చేస్తే అక్కడ రబ్బరు అణిగిపోయింది. చుట్టూ జానెడుకోసారి ఇట్లా చూడండి. మా కారుకి వెనక ఎడమ తలుపు మొత్తం జారింది, డిక్కీ కింది అంచు కూడా. తలుపు రబ్బరు మార్చేటప్పుడు పాత జిగురుని పూర్తిగా గీకేయాలి, రబ్బరుని సాగదీసి అంటించకూడదు. సాగదీస్తే అది మళ్ళీ తన పొడుగుకి పోతుంది, మూలల్లో ఊడొస్తుంది.

వెనక అద్దం ఇంకా మిగిలింది. అది పాత టఫెన్డే, చీలిక లేదు, బీడింగ్ మాత్రం రాయిలా గట్టిపడింది. దాన్ని విప్పేటప్పుడు అద్దానికి దెబ్బ తగలకూడదు, పోతే పుదుపేటకి ఇంకో ట్రిప్పు. ఈశాన్య రుతుపవనాలు రాకముందే చేయాలని మేస్త్రీ అన్న అంటున్నాడు. మాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. రెన్యూవల్ తారీకు వచ్చే నెలలో ఉంది. నాకు సెమిస్టర్ పరీక్షలు కూడా అప్పుడే, అయినా తాడు లాగే పని ఈసారి నాకు ఇస్తానన్నారు.